ధర్మకర్తల మండలి సభ్యుణ్ని తొలగించాలంటే అర్జీ ఎవరికివ్వాలి, ఏం రాయాలి?

ప్రశ్న: మాది గోదావరి జిల్లాలో ఒక పల్లె. మా శివాలయానికి 11 ఎకరాల మాగాణి ఉంది. దేవాదాయ శాఖ వేసిన ట్రస్టు బోర్డులో (ధర్మకర్తల మండలిలో) ఒక సభ్యుడు నిరుటి వేలంలో 6 ఎకరాలు తమ్ముడి పేరిట పాడించి తానే సాగు చేస్తున్నాడు. మక్తా (కౌలు సొమ్ము) సగం కూడా కట్టలేదు. మీటింగులకు రాడు. ఊళ్లో 140 మందిమి సంతకాలు పెట్టి ఎమ్మెల్యే గారికి, కలెక్టరు గారికి అర్జీలు ఇచ్చాం. ఆరు నెలలైనా కదలిక లేదు. మిగతా సభ్యులు తీర్మానం చేసి తీసేస్తామంటున్నారు. అది చెల్లుతుందా? మండలంలోని ఆసుపత్రి అభివృద్ధి సంఘంలో కూడా ఇలాంటి నామినేటెడ్ సభ్యుడు ఒకాయన ఉన్నాడు. అక్కడా ఇదే పద్ధతా?

సమాధానం: తీర్మానం చెల్లదు. మిగతా సభ్యులంతా ఏకగ్రీవంగా చేసినా ఆయన పదవి పోదు. ఆయన్ని వేసింది బోర్డు కాదు, కాబట్టి తీసే అధికారమూ బోర్డుకి లేదు. ఛైర్మనుకీ ఈవోకీ (కార్యనిర్వహణాధికారికీ) కూడా లేదు. ధర్మకర్తల సస్పెన్షనుకీ తొలగింపుకీ దారి చూపేది 1987 నాటి 30వ చట్టం, అంటే మన దేవాదాయ చట్టం, 28వ సెక్షను. నియమించే అధికారం ఎవరిదో తొలగించే అధికారమూ వారిదేనని అందులో ఉంది. తెలంగాణలో ఉన్నవారికి కూడా మూలం ఇదే చట్టం. తిరుమల తిరుపతి దేవస్థానాలకు మాత్రం అదే చట్టంలో వేరే అధ్యాయం ఉంది, ఇక్కడ చెప్పేది దానికి వర్తించదు.

మీ అర్జీ ఆరు నెలలుగా ఎందుకు కదల్లేదో కూడా ఇందులోనే తెలుస్తుంది. కలెక్టరు గారు మీ బోర్డుని నియమించిన అధికారి కాదు. ఆయన కార్యాలయం ఆ కాగితాన్ని దేవాదాయ శాఖకు పంపుతుంది. అక్కడి నుంచి అసిస్టెంట్ కమిషనరుకి, ఆయన దగ్గర్నుంచి నివేదిక కోసం మీ గుడి ఈవోకి వెళ్తుంది. మీరు ఎవరి ఎదుట ఫిర్యాదు చేశారనుకుంటున్నారో వారికి అందులో చేయడానికి ఏమీ లేదు, చేయగలిగిన వారికి మీరు నేరుగా రాయలేదు. ఇక ఎమ్మెల్యే గారి సిఫార్సు లేఖ మేలు కంటే కీడే చేసే ప్రమాదం ఉంది. రేపు తొలగింపు ఉత్తర్వు వస్తే, అధికారి తన బుర్ర పెట్టి నిర్ణయించలేదు, రాజకీయ ఒత్తిడికి లొంగి సంతకం పెట్టాడు అని ఆ సభ్యుడు హైకోర్టులో అనడానికి ఆ లేఖే పనికొస్తుంది.

కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది ఆయన్ని ఎవరు వేశారన్నది. గుడి ఆదాయాన్ని బట్టి, 6వ సెక్షను కింద అది ఏ తరగతిలో ఉందో దాన్ని బట్టి నియామకం ప్రభుత్వమో, ఇదే చట్టం కింద ఏర్పడిన ధార్మిక పరిషత్తో, కమిషనరో, డిప్యూటీ కమిషనరో, అసిస్టెంట్ కమిషనరో చేసి ఉండవచ్చు. ఊహించకండి. నియామక ఉత్తర్వు నకలు తెప్పించుకోండి. సంతకం ఎవరిది, తేదీ ఏది, పదవీకాలం ఎంత అన్న మూడూ అందులోనే దొరుకుతాయి. పదవీకాలం చూడమనడానికి కారణం ఉంది. ఈ బోర్డుల కాలం చిన్నది, విచారణ సాగుతుండగానే గడువు తీరిపోయి ఫైలు మూతపడుతుంది.

ఇప్పుడు అసలు విషయం. 28వ సెక్షను కింద ధర్మకర్తను తీయడానికి కారణాలు చట్టంలోనే రాసి ఉన్నాయి. విధులు నిర్వర్తించకపోవడం, అధికారుల చట్టబద్ధ ఉత్తర్వులను ధిక్కరించడం, ఆస్తులూ రికార్డులూ అప్పగించకపోవడం, ఆస్తుల విషయంలో అక్రమాలూ నమ్మకద్రోహమూ సొంతానికి వాడుకోవడమూ, 19వ సెక్షనులోని అనర్హతల్లో ఏదో ఒకటి తగులుకోవడం వాటిలో ముఖ్యమైనవి. మీ ఊరి కథకు సరిగ్గా అతికేది ఈ చివరిది. సంస్థ ఆస్తికి సంబంధించి అమల్లో ఉన్న కౌలులో గాని, కాంట్రాక్టులో గాని ప్రత్యక్షంగానో పరోక్షంగానో ఆసక్తి ఉన్నవాడు ధర్మకర్తగా ఉండటానికి అనర్హుడని 19వ సెక్షను చెబుతోంది. సంస్థకు తాను బాకీ పడి ఉన్నా అనర్హతే.

‘పరోక్షంగా’ అన్న ఆ ఒక్క మాట మీద మీ కేసంతా నిలబడి ఉంది. పాటదారు తమ్ముడు కావడం ఒక్కటే చాలదు. వేరు కాపురం ఉన్న తమ్ముడు నిజంగా తన సొంతానికి పాడుకుంటే అన్న పదవికి అది అడ్డం కాదు అని ఎదుటి పక్షం వాదిస్తుంది, ఆ వాదనలో బలం ఉంది. ఆ కౌలు లాభం అన్నకు చేరుతోందని చూపించాలి. దానికి ఊళ్లో అందరికీ తెలుసు అన్న మాట పనికిరాదు, కాగితం కావాలి. ఇలాంటి కాగితాలు ఎక్కడ పుడతాయో చూడండి. వేలం నాడు ధరావతు (డిపాజిట్) ఎవరి చేతి మీదుగా కట్టారు, కౌలు ఒప్పందానికి జామీను సంతకం ఎవరిది, మక్తా కింద కట్టిన ఆ కొంత సొమ్ము ఏ బ్యాంకు ఖాతా నుంచి వచ్చింది, ఇవి గుడి రికార్డుల్లోనే ఉంటాయి. ఈ-పంట నమోదులో సాగుదారుగా ఎవరి పేరుంది, ధాన్యం కొనుగోలు కేంద్రంలో ఆ భూమి ధాన్యం ఎవరి పేరిట తూగింది, డబ్బు ఎవరి ఖాతాలో పడింది, ఇవి బయటి శాఖల్లో ఉంటాయి. ఈ ఆరింటిలో రెండు దొరికినా ‘పరోక్ష ఆసక్తి’ గట్టిగా నిలుస్తుంది. ఏ ఒక్కటీ దొరక్కపోతే, అనర్హత అభియోగాన్ని పక్కన పెట్టి వేరే కారణం వెతుక్కోవడం మంచిది.

గుడి రికార్డుల కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు అసిస్టెంట్ కమిషనరు కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి పెట్టండి. ఫీజు 10 రూపాయలు, పోస్టల్ ఆర్డరు జత చేయవచ్చు. నకళ్లకు పేజీకి 2 రూపాయలు. ‘వేలంపాటలో జరిగిన అక్రమాల వివరాలు ఇవ్వండి’ అని రాస్తే అలాంటి సమాచారం లేదని జవాబొస్తుంది, ఎందుకంటే ఆ పేరుతో ఏ ఫైలూ ఉండదు. ఉన్న కాగితాన్ని దాని పేరుతో అడగాలి: ఆ సభ్యుడి నియామక ఉత్తర్వు, నియామకం కోసం ఆయన పెట్టుకున్న దరఖాస్తు, వేలం ప్రకటన, ఆ రోజు పాటదారుల హాజరు పట్టీ, పాట షీటు, కౌలు ఒప్పందం, జామీను పత్రం, మక్తా రసీదుల నకళ్లు, డిమాండు-వసూలు-బకాయి రిజిస్టరులో ఆ భూమికి సంబంధించిన పేజీ, బోర్డు మినిట్స్ పుస్తకం, మీటింగు నోటీసులు అందినట్టు సంతకాలున్న పుస్తకం, చివరి ఆడిట్ నివేదిక. అన్నిటికీ ధ్రువీకరించిన నకళ్లే అడగండి.

అదే దరఖాస్తులో ‘రికార్డులను స్వయంగా పరిశీలించే అవకాశం ఇవ్వండి’ అని ఒక వాక్యం తప్పక చేర్చండి. మొదటి గంటకు రుసుము లేదు. ఫైలు చేతిలో పట్టుకుని పేజీలు తిప్పితే, మీరు అడగాలని తెలియని కాగితం కూడా కనబడుతుంది. అన్నిటికంటే విలువైనవి తరచుగా అలాగే బయటపడతాయి. సమాధానానికి గడువు 30 రోజులు. రాకపోయినా, నిరాకరించినా 30 రోజుల్లోగా మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లోగా సమాచార కమిషనుకి రెండో అప్పీలు. బ్యాంకు ఖాతా, ధాన్యం డబ్బు వివరాలు వ్యక్తిగతమని ఇవ్వకపోవచ్చు. దాని మీద నెలల తరబడి పోరాడకండి. ఆ రికార్డులు ఎక్కడున్నాయో అర్జీలో రాసి, విచారణాధికారే తెప్పించాలని కోరితే సరిపోతుంది.

బకాయి రిజిస్టరు నకలు మాత్రం అర్జీ వేయడానికి ముందే చేతికి రావాలి. అర్జీ సంగతి తెలిసిన మర్నాడే బాకీ మొత్తం కట్టేసి ‘నాకు బాకీ లేదు’ అనడం మామూలు. ఫలానా తేదీ నాటికి ఇంత బకాయి ఉందని ముందే ధ్రువీకరించిన కాగితం ఉంటే ఆ ఎత్తు పారదు. మరో ఎత్తు కూడా ఉంది. కౌలు వదులుకున్నట్టు తమ్ముడి చేత రాయించి, ఇప్పుడు కౌలు అమల్లో లేదు కదా, అనర్హత ఎక్కడిది అంటారు. అందుకని అనర్హత ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. బోర్డు సభ్యుడిగా ఉంటూ తన కుటుంబానికి కౌలు దక్కేలా చూసుకోవడం, మక్తా రాకుండా చేసి సంస్థకు నష్టం కలిగించడం విడిగా అక్రమం కింద, నమ్మకద్రోహం కింద వస్తాయి. కౌలు వదులుకున్నంత మాత్రాన జరిగిపోయిన నష్టం చెరిగిపోదు. రెండు అభియోగాలనూ వేరువేరుగా రాయండి.

కౌలు ఒప్పందం తేదీని నియామకం తేదీతో పోల్చి చూడండి. నియామకానికి ముందే ఆ కౌలు ఉంటే ఆయన మొదటినుంచీ అనర్హుడు, అప్పుడు కో వారంటో రిట్ దారి కూడా తెరుచుకుంటుంది. ఆ సంగతి కింద చెప్తాం. మీరు రాసినట్టు నిరుడే పాడి ఉంటే, పదవిలో ఉండగా అనర్హత తగులుకున్నట్టు. అది నేరుగా 28వ సెక్షను కిందికే వస్తుంది.

ఇక అర్జీ. 140 సంతకాల వల్ల ఊరి ఆవేదన తెలుస్తుంది, అంతకుమించి బలం రాదు. విచారణకు పిలిచినప్పుడు వచ్చి, ఎదుటివారి వకీలు అడిగే ప్రశ్నలకు తడబడకుండా జవాబు చెప్పగలిగిన ముగ్గురు సంతకం చేస్తే చాలు. ఆలయంలో పూజకు వెళ్లే హక్కున్న భక్తుడెవరైనా ఆసక్తి గల వ్యక్తే, కాబట్టి మీకేం సంబంధం అనే ప్రశ్న రాదు. రెండు పేజీలు దాటనివ్వకండి. ‘అహంకారి, ఊరిని పట్టి పీడిస్తున్నాడు, రికార్డులు తారుమారు చేస్తున్నాడు’ లాంటి మాటలు ఒక్కటి కూడా ఉండకూడదు. అవి ఉంటే వ్యక్తిగత కక్ష అని కొట్టిపారేయడానికి సాకు దొరుకుతుంది. అభియోగం ఇలా ఉండాలి: ‘ఫలానా తేదీన జరిగిన వేలంలో దేవస్థానం సర్వే నంబరు ఫలానా, 6 ఎకరాల భూమి కౌలు ఫలానా పేరిట ఖరారైంది. ఒప్పందంలో జామీనుదారుగా సభ్యుడు స్వయంగా సంతకం చేశారు, నకలు 3వ జతపత్రం. మొదటి విడత మక్తా ఆయన ఖాతా నుంచి చెల్లింది, రసీదు నకలు 4వ జతపత్రం. కాబట్టి ఆయనకు ఈ కౌలులో పరోక్ష ఆసక్తి ఉంది, 19వ సెక్షను కింద అనర్హులు, 28వ సెక్షను కింద చర్య తీసుకోవలసిందిగా కోరుతున్నాం.’ ఎవరు, ఎప్పుడు, ఏది, ఏ కాగితం ప్రకారం, ఏ సెక్షను కింద అన్న ఐదూ ఒకే పేరాలో రావాలి. దీన్ని దాదాపు యథాతథంగా అభియోగ పత్రంలోకి ఎక్కించుకోగలిగేలా రాస్తే గుమాస్తా పని సగం మీరే చేసినట్టు, ఫైలు త్వరగా కదలడానికి అదీ ఒక కారణమవుతుంది.

మీటింగులకు రాకపోవడాన్ని చివరన పెట్టండి, లేదా వదిలేయండి. ప్రతి మీటింగుకీ నోటీసు ఆయనకు అందిందని సంతకం చూపిస్తే తప్ప ఆ అభియోగం నిలవదు. చాలా గుళ్లలో నోటీసు ఫోనులోనే చెప్పేస్తారు. నిలవని అభియోగం ఒకటి కలిపితే నిలిచేది కూడా పలచబడుతుంది.

అర్జీని నియమించిన అధికారికి ఇచ్చి, మీ దగ్గరున్న ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోండి. స్పీడ్ పోస్టులో మరో ప్రతి పంపండి. సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇస్తే అర్జీ నంబరు వస్తుంది, రుజువుగా దాచుకోవడానికి బాగుంటుంది. అంతకుమించి దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

అర్జీలోనే విచారణ తేలేదాకా సస్పెండ్ చేయమని కూడా అడగండి. అభియోగం నమోదయ్యాక, అది తేలేలోపు ధర్మకర్తను సస్పెన్షనులో ఉంచే వీలు చట్టంలో ఉంది. దీనికి కారణం విడిగా చెప్పాలి: రికార్డులు ఆయన అందుబాటులో ఉన్నాయి, వచ్చే వేలం దగ్గరపడింది, సాక్షులుగా గుడి సిబ్బందే ఉన్నారు, ఇలాంటిది ఏదో ఒకటి.

ఇక్కడి నుంచి మీ చేతిలో లేని దశ మొదలవుతుంది, కానీ జాగ్రత్తగా గమనిస్తూ ఉండాల్సింది ఇక్కడే. తొలగింపు ఉత్తర్వుల్లో ఎన్నో హైకోర్టులో ఆగిపోయేది సభ్యుడు నిర్దోషి కావడం వల్ల కాదు, అధికారి అడుగులు తప్పినందువల్ల. చట్టం ప్రకారం ముందు అభియోగం రూపొందించాలి. దానికి జవాబిచ్చే అవకాశం, తనకు వ్యతిరేకంగా వచ్చిన సాక్ష్యాన్ని ప్రశ్నించే అవకాశం, తన సాక్ష్యం పెట్టుకునే అవకాశం సభ్యుడికి ఇవ్వాలి. చివరి ఉత్తర్వులో అభియోగం, ఆయన సంజాయిషీ, దాని మీద తేల్చిన విషయం, కారణాలు నాలుగూ ఉండాలి. ‘సంజాయిషీ సంతృప్తికరంగా లేదు’ అన్న ఒక్క వాక్యంతో ముగించిన ఉత్తర్వు పడిపోయినట్టే లెక్క. తర్వాత కోర్టులో కౌంటరు వేసి కారణాలు కొత్తగా చేర్చడం కుదరదు. అధికారి ఉత్తర్వును అందులో ఉన్న కారణాలతోనే తూచాలి, అఫిడవిట్లతో బలం చేకూర్చకూడదు అని మోహిందర్ సింగ్ గిల్ కేసులో సుప్రీంకోర్టు 1977లోనే చెప్పింది. మరో తప్పు కూడా తరచుగా జరుగుతుంది: మీరు జతచేసిన కాగితాల నకళ్లు సభ్యుడికి ఇవ్వకుండానే విచారణ నడిపించేస్తారు. అందుకే అర్జీతో పాటు జతపత్రాల సెట్టు ఒకటి అదనంగా ఇచ్చి, ఇది సభ్యునికి అందజేయడానికి అని పైన రాయండి. ఆయనకు పూర్తి అవకాశం ఇవ్వాలని మీరే పట్టుబట్టండి. ఆయన మీద జాలితో కాదు, వచ్చిన ఉత్తర్వు నిలబడాలని.

పోలీసు కేసు పెట్టాలా అని చాలామంది అడుగుతారు. సొమ్ము కాజేసినట్టు రుజువులుంటే భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షను కింద ఫిర్యాదు చేయవచ్చు, కానీ తొలగింపుకి అది అవసరం లేదు, శిక్ష పడేదాకా ఆగనక్కర్లేదు. శాఖాపరమైన విచారణలో సంభావ్యత ఎటు మొగ్గితే అటే నిర్ణయం, క్రిమినల్ కోర్టులో లాగా సందేహానికి అతీతంగా నిరూపించాల్సిన పని లేదు. రెంటినీ ముడిపెడితే ‘కోర్టులో కేసుంది కదా, తేలనీ’ అని అధికారి ఫైలు పక్కన పెట్టేస్తాడు.

ముద్ర వేసిన అర్జీ ఇచ్చి రెండు నెలలైనా అభియోగం రూపొందకపోతే ఒక రిమైండరు, దాని తర్వాత హైకోర్టులో మాండమస్ రిట్, అంటే అధికారిని తన విధి చేయమని ఆదేశించాలని కోరే పిటిషను. అందులో ఆయన్ని తొలగించమని అడగకండి, కోర్టు ఆ పని చేయదు. ‘మా అర్జీని చట్టప్రకారం ఫలానా గడువులోగా పరిష్కరించేలా ఆదేశించండి’ అని అడగండి. ఇలాంటి పరిమిత ఆదేశం తొందరగా దొరుకుతుంది. మొదటినుంచీ అనర్హుడైన వ్యక్తి పదవిలో కూర్చుంటే కో వారంటో రిట్ వేయవచ్చు, ఏ అధికారంతో ఈ పదవిలో ఉన్నావు అని కోర్టు ఆయన్నే అడుగుతుంది. ప్రభుత్వ పదవి అయ్యి, దాన్ని చట్టబద్ధ అధికారం లేకుండా పట్టుకుని ఉండాలి అన్న కొలతను సుప్రీంకోర్టు 1963లో మైసూరు విశ్వవిద్యాలయం, గోవిందరావు కేసులో వివరించింది.

ఆ సభ్యుడు గుడి కట్టించిన కుటుంబం తరఫున బోర్డులో ఉన్నాడేమో కూడా చూసుకోండి. అలాంటివారి స్థానం వేరు. వంశపారంపర్య ధర్మకర్తృత్వాన్ని 1987 చట్టం రద్దు చేసినా, 1996లో పన్నాలాల్ బన్సీలాల్ పిత్తి కేసులో వ్యవస్థాపక కుటుంబానికి సుప్రీంకోర్టు కొంత చోటు నిలిపింది. ఆయన మీద అభియోగం రుజువైతే ఆయన పోతాడు, కానీ కుటుంబం హక్కు అంతటితో పోదు.

సభ్యుడు పోయినంత మాత్రాన 6 ఎకరాల కౌలు రద్దు కాదన్నది ముందే తెలుసుకోండి. ఆయన పాల్గొన్న తీర్మానాలన్నీ వాటంతట అవే కొట్టుకుపోవు. పదవిలో ఉన్నట్టుగా జనం ఎదుట వ్యవహరించిన వ్యక్తి చేసిన పనులకు, తర్వాత అతని నియామకమే చెల్లదని తేలినా రక్షణ ఉంటుందన్న సూత్రాన్ని 1981లో గోకరాజు రంగరాజు కేసులో, అది మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసే, సుప్రీంకోర్టు ఖాయం చేసింది. కాబట్టి ఆ కౌలు రద్దు చేసి మళ్లీ బహిరంగ వేలం పెట్టాలని, బకాయి వసూలు చేయాలని విడిగా మరో అర్జీ ఇవ్వండి. తొలగింపు అర్జీతో కలపకండి. రెండు ఫైళ్లూ వేరు బల్లల మీద నడుస్తాయి, ఒకటి ఆగినా మరొకటి కదులుతుంది. నిజానికి గుడికి డబ్బు తెచ్చిపెట్టేది ఈ రెండోదే.

ఆసుపత్రి అభివృద్ధి సంఘం సంగతి వేరు. అది శాసనం వల్ల పుట్టింది కాదు, ప్రభుత్వ ఉత్తర్వులతో ఏర్పడింది. అక్కడ నామినేటెడ్ సభ్యుడి పదవి ఎలా పోతుందో ఆ జీవోలో ఉన్న మాటను బట్టి ఉంటుంది. ప్రభుత్వం ఇష్టమున్నంత కాలం కొనసాగుతారు అన్న అర్థం వచ్చే మాట ఉంటే అభియోగం, విచారణ అక్కర్లేకుండానే మరొకరిని వేయవచ్చు. షాజహాన్‌పూర్ మునిసిపాలిటీలో నామినేట్ అయిన ఇద్దరు మహిళా సభ్యులను అలాగే తీసేస్తే, చట్టంలోనే ఆ మాట ఉంది కాబట్టి తప్పు లేదని 1993లో ఓం నారాయణ్ అగర్వాల్ కేసులో సుప్రీంకోర్టు అంది. దేవాదాయ చట్టం 28వ సెక్షనులో అలాంటి మాట లేదు, అందుకే గుడి విషయంలో ఇంత తతంగం. మార్కెట్ కమిటీకైనా, గ్రంథాలయ సంస్థకైనా ఇదే ప్రశ్నతో మొదలుపెట్టండి: దాన్ని పుట్టించింది చట్టమా, జీవోనా, అందులో సభ్యుడి పదవీకాలం గురించి రాసిన వాక్యం ఏది? ఆసుపత్రి సంఘం జీవో నకలు కోసం సమాచార హక్కు దరఖాస్తు ఆ ఆసుపత్రి సూపరింటెండెంటు కార్యాలయానికి విడిగా పెట్టుకోండి.